డబుల్ క్లిక్ కొట్టేముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి: బ్యాచ్ ఫైల్స్ మీద నా మాట

పోయిన నెల మా బాబాయ్ కొడుకు నాకో ఫైల్ పంపాడు. పేరు చివర డాట్ బ్యాట్ అని ఉంది. ఏదో గేమింగ్ గ్రూప్‌లో దొరికిందట. "అన్నా, ఇది రన్ చేస్తే పీసీ రాకెట్‌లా పోతుందంట. నీ పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఒకసారి కొట్టి చూడు" అన్నాడు.

నేను డబుల్ క్లిక్ చేయలేదు. రైట్ క్లిక్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరిచా. మొత్తం 40 లైన్లు కూడా లేవు. మొదటి కొన్ని లైన్లు టెంప్ ఫోల్డర్లు ఖాళీ చేసేవి, వాటితో పెద్ద ఇబ్బంది లేదు. ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ సర్వీస్‌ని ఆపేసి, మళ్ళీ మొదలవకుండా చేసే లైన్ ఉంది. డిఫెండర్ సెట్టింగ్స్‌లో వేలు పెట్టే లైన్ ఇంకోటి. ప్రింట్ స్పూలర్‌ని కూడా ఆపేస్తున్నారు, దానికీ గేమ్స్ స్పీడ్‌కీ ఏం సంబంధమో రాసినవాడికే తెలియాలి. చివర్లో మాత్రం నల్ల విండోలో ఆకుపచ్చ అక్షరాలతో మీ పీసీ ఆప్టిమైజ్ అయిపోయింది అని చూపించే లైన్ శ్రద్ధగా రాశారు.

"నువ్వు రన్ చేశావా?" అని అడిగా. "చేశా అన్నా, కొంచెం ఫాస్ట్ అయినట్టే ఉంది" అన్నాడు. రెండు రోజులకి బాబాయ్ ఫోన్. "ఒరేయ్, ఆధార్ ప్రింట్ తీద్దామంటే రావట్లేదురా. కార్ట్రిడ్జ్ మార్చినా అంతే. వీడేమన్నా కెలికాడా?"

ఇది చదివి బ్యాచ్ ఫైల్స్ అంటేనే వైరస్ అని నేను చెప్పబోతున్నా అనుకోకండి. నా అభిప్రాయం సరిగ్గా దానికి ఎదురు. మామూలు విండోస్ యూజర్‌కి బ్యాచ్ ఫైల్ అంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు. పైసా ఖర్చు లేదు, ఇన్‌స్టాల్ చేయాల్సింది లేదు, యాడ్స్ రావు, నెల నెలా సబ్‌స్క్రిప్షన్ అడగదు. కాకపోతే మనం దాన్ని ఎవరో ఇచ్చిన మాత్రలా మింగేస్తున్నాం. మన చేత్తో రాసుకోవాల్సిన దాన్ని ఎవరి దగ్గరో తెచ్చుకుంటున్నాం. నా కోపం అక్కడ.

40 ఏళ్ళు దాటినా పోలేదు

బ్యాచ్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైల్. కమాండ్లు ఒకదాని కింద ఒకటి రాసి, ఎక్స్‌టెన్షన్ డాట్ బ్యాట్ అని పెడితే, విండోస్ వాటిని వరసగా నడుపుకుంటూ పోతుంది. 1981లో డాస్‌తో పాటు వచ్చిన సంగతి ఇది. ఫ్లాపీల కాలంలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళినవాళ్ళకి ఆటోఎగ్జిక్ డాట్ బ్యాట్ గుర్తుండే ఉంటుంది. ఈరోజు విండోస్ 11లో కూడా అదే పద్ధతి నడుస్తోంది. తర్వాత వచ్చిన వీబీస్క్రిప్ట్‌ని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. డబ్ల్యూమిక్ కమాండ్‌నీ సాగనంపుతోంది. పాత ముసలాయన మాత్రం అలాగే కూర్చున్నాడు.

"ఇంకా బ్యాట్ ఫైల్స్ ఏంటి గురూ, పవర్‌షెల్ నేర్చుకో" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. తేదీలతో లెక్కలు, ఫైల్ పేర్లు ఒక పద్ధతిలో మార్చడం, ఎక్సెల్ డేటా తియ్యడం లాంటివి బ్యాచ్‌లో రాస్తే తల బద్దలవుతుంది. కానీ పవర్‌షెల్ స్క్రిప్ట్ రాసి డబుల్ క్లిక్ చేసి చూడండి. రన్ అవ్వదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పోనీ పవర్‌షెల్ విండోలో నడుపుదామంటే, విండోస్ పీసీల్లో ఎగ్జిక్యూషన్ పాలసీ మామూలుగా రిస్ట్రిక్టెడ్ అని ఉంటుంది కాబట్టి స్క్రిప్ట్‌లు అనుమతించం అని ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. భద్రత కోసం అనుకుంటాం. కానీ ఎగ్జిక్యూషన్ పాలసీ అసలు సెక్యూరిటీ గోడ కాదని మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంట్లలోనే రాసింది, అది పొరపాటున రన్ అవ్వకుండా పెట్టిన గడియ మాత్రమే. ఆ పక్కనే బ్యాచ్ ఫైల్‌ని రెండుసార్లు టక్ టక్ మంటే చాలు నడిచిపోతుంది. ఒకే ఇంటికి ముందు తలుపుకి తాళం వేసి, పెరటి తలుపు తెరిచి పెట్టినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

నేను మాత్రం ఆ పెరటి తలుపునే వాడుకుంటా. అసలు పని చేసే స్క్రిప్ట్ పవర్‌షెల్‌లోనో పైథాన్‌లోనో ఉంటుంది. దాన్ని పిలవడానికి మూడు నాలుగు లైన్ల బ్యాచ్ ఫైల్ ఉంటుంది. పవర్‌షెల్‌ని పిలిచేటప్పుడు ఎగ్జిక్యూషన్ పాలసీ బైపాస్ అని ఆ ఒక్క రన్‌కే చెప్పొచ్చు. సిస్టమ్ మొత్తానికి పాలసీ మార్చమని సలహా ఇచ్చే వీడియోల్ని నమ్మకండి, అవసరం లేదు. పైథాన్ అయితే పైథాన్ అని కాకుండా పీవై అనే లాంచర్‌ని పిలవండి. అధికారిక ఇన్‌స్టాలర్‌తో వేసుకుంటే అది వస్తుంది. పైథాన్ వేసుకోని సిస్టమ్‌లో పైథాన్ అని కొడితే విండోస్ మిమ్మల్ని స్టోర్‌కి తీసుకెళ్తుంది, ఏమైందో తెలియక బుర్ర గోక్కుంటారు.

(కమాండ్లన్నీ ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నా. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాలే.)

నా చేత్తో నేనే తుడిచేశా

నీతులు చెప్పేముందు నా సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఫొటోలన్నీ ల్యాప్‌టాప్ డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండేవి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి డెస్క్‌టాప్ మీదున్న బ్యాకప్ అనే బ్యాట్ ఫైల్ కొడితే చాలు, కాపీ అయిపోయేది. లోపల ఒకే ఒక్క ముఖ్యమైన లైన్: రోబోకాపీ, ఇక్కడి నుంచి అక్కడికి, చివర స్లాష్ ఎంఐఆర్. మిర్రర్ అన్నమాట. అద్దంలా రెండు వైపులా ఒకేలా ఉంచుతుంది. నేను దాన్ని ఒక ఆర్టికల్‌లో చూసి ఎత్తుకొచ్చా. రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేదు.

ఒకరోజు ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయాల్సొచ్చింది. బ్యాకప్ ఉంది కదా అని ధీమా. ఫార్మాట్ అయ్యాక డి డ్రైవ్‌లో పాత పేరుతోనే ఖాళీ ఫోల్డర్ ఒకటి పెట్టుకున్నా, హార్డ్ డిస్క్ నుంచి ఇందులోకి తెచ్చుకుందామని. డిస్క్ తగిలించా. అలవాటు కొద్దీ చెయ్యి బ్యాకప్ ఫైల్ మీదకి పోయింది. టక్ టక్.

మిర్రర్ అంటే సోర్స్‌లో లేనిది డెస్టినేషన్‌లో కూడా ఉండకూడదని. నా సోర్స్ ఇప్పుడు ఖాళీ. కాబట్టి రోబోకాపీ బుద్ధిగా హార్డ్ డిస్క్‌ని కూడా ఖాళీ చేసింది. రీసైకిల్ బిన్‌లోకి పంపదు, నిజంగా తీసేస్తావా అని అడగదు. విండోలో లైన్లు పరిగెడుతుంటే కాపీ అవుతోంది అనుకుని టీ తాగుతూ కూర్చున్నా. నాన్న షష్టిపూర్తి ఫొటోలు, అమ్మమ్మ పోయేముందు తీసిన ఆఖరి వీడియో, అన్నీ అందులోనే ఉన్నాయి.

రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని వచ్చాయి. పేర్లు పోయి, తేదీలు పోయి, సగం ఫొటోలు కింద బూడిద రంగు పట్టీలతో వచ్చాయి. షష్టిపూర్తివి పిన్ని ఫోన్‌లో వాట్సాప్‌లో ఉన్నాయి, కంప్రెస్ అయిన సైజులో. ప్రింట్ వేయిస్తే మొహాలు మసకగా ఉంటాయి. అమ్మమ్మ వీడియో దొరకలేదు.

ఇందులో రోబోకాపీ తప్పేం లేదు. చెప్పిందే చేసింది. నేనే చెప్పిందేంటో చదువుకోలేదు. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం చాదస్తం ఎక్కువని మా తమ్ముడు అన్నా పట్టించుకోను.

ఇప్పుడు నా బ్యాకప్ ఫైల్ ఎలా ఉందో చెబుతా. ఎంఐఆర్ తీసేశా. దాని బదులు స్లాష్ ఇ. అది సబ్‌ఫోల్డర్లతో సహా కొత్తవి కాపీ చేస్తుంది, అవతల ఏదీ తీసెయ్యదు. డిస్క్‌లో కొంచెం చెత్త పేరుకుంటుంది, పేరుకోనీ. రెండోది, సోర్స్ ఫోల్డర్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి చిన్న టెక్స్ట్ ఫైల్స్ గుర్తుగా పెట్టుకున్నా. ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ అనే లైన్‌తో ఆ రెండూ ఉన్నాయో లేదో ముందు చూస్తుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆరోజు ఈ ఒక్క లైన్ ఉంటే నా ఖాళీ ఫోల్డర్‌లో గుర్తు ఫైల్ లేదు కాబట్టి పని మొదలయ్యేదే కాదు. పైగా డిస్క్‌కి ఈరోజు ఇ అని వచ్చిన అక్షరం రేపు పెన్‌డ్రైవ్‌కి రావచ్చు, ఆ గొడవ కూడా తప్పుతుంది.

మూడోది, ఫైల్‌లో ఏ మార్పు చేసినా మొదటిసారి స్లాష్ ఎల్ చేర్చి రన్ చేస్తా. అప్పుడు రోబోకాపీ ఏం చేయబోతోందో లిస్ట్ మాత్రం చూపిస్తుంది, ఏదీ ముట్టుకోదు. ఇంత మంచి సౌకర్యం పెట్టుకుని కూడా ఎవరూ వాడరు.

ఇంకో తమాషా. రోబోకాపీ ఏదైనా ఫైల్ కాపీ చేయలేకపోతే మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎన్నిసార్లు? మనం చెప్పకపోతే 10 లక్షల సార్లు. ఒక్కో ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు. ఏదో ఒక ఫైల్ వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందనుకోండి, మీ బ్యాకప్ రాత్రంతా అక్కడే కూర్చుంటుంది. ఆర్ 1, డబ్ల్యూ 1 అని ఇచ్చుకుంటే వదిలేసి ముందుకి పోతుంది. ఇక ఎర్రర్‌లెవెల్ 1 వస్తే ఫెయిల్ అయిందని కంగారు పడకండి, రోబోకాపీ భాషలో 1 అంటే ఫైల్స్ బాగానే కాపీ అయ్యాయని. 8, ఆపైన వస్తేనే తేడా.

ఫోన్ నుంచి అయితే

మన సైట్ చదివేవాళ్ళకి అసలు కావాల్సింది ఇది. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి దాని పాత్ బ్యాచ్ ఫైల్‌లో రాస్తే పని చేయదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఎంటీపీ పద్ధతిలో కనెక్ట్ అవుతుంది, దానికి డ్రైవ్ అక్షరం ఉండదు. రోబోకాపీకి అది కనిపించదు. దారి ఏంటంటే గూగుల్ ఉచితంగా ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్‌లోని ఏడీబీ. ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ పుల్ అని కెమెరా ఫోల్డర్ పాత్ ఇస్తే ఫొటోలు వచ్చేస్తాయి. మధ్యలో హైఫన్ ఎ పెట్టండి, లేకపోతే ఫొటోల తేదీలన్నీ ఈరోజువి అయిపోతాయి.

నేను అమ్మ ఫోన్‌కి ఇదే చేస్తున్నా. లోపం కూడా చెప్పాలి. పుల్ ప్రతిసారీ మొత్తం ఫోల్డర్‌ని మొదటి నుంచి లాగుతుంది, కొత్తవి మాత్రమే తీసుకోవడం దానికి రాదు. అమ్మ ఫోన్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు తీసేస్తే పెద్దగా లేవు కాబట్టి నాకు సరిపోతోంది. 200 జీబీ ఉన్నవాళ్ళకి విసుగొస్తుంది. అలాగే పనయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంక్ యాప్స్ తెరుచుకోవు, తెరుచుకోకపోవడమే మంచిది కూడా.

అందరూ పడే గుంతలు

కొత్తగా రాసేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: విండో ఒక్క క్షణం మెరిసి మాయమైపోయింది, ఏమైందో తెలియలేదు. ఏం లేదు, చివర్లో పాజ్ అనే పదం రాయండి, మీరు కీ నొక్కేదాకా ఆగుతుంది. రెండోది, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించుకుని కూర్చుంటుంది. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు దాచేస్తుంది కాబట్టి మీకు కనబడదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ చూపించు అనేది ఆన్ చేసి పెట్టుకోండి. ఇది నేర్చుకోవడానికే కాదు, ఫొటో డాట్ జేపీజీ అనే పేరు వెనక డాట్ బ్యాట్ దాక్కుని వస్తే పట్టుకోవడానికి కూడా.

బాగా ప్రమాదకరమైంది వేరే ఉంది. బ్యాచ్ ఫైల్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిస్తే, అది ఉన్న ఫోల్డర్‌లో కాకుండా సిస్టమ్ 32 ఫోల్డర్‌లో నిలబడి పని మొదలుపెడుతుంది. టాస్క్ షెడ్యూలర్‌లో స్టార్ట్ ఇన్ ఖాళీగా వదిలినా అంతే. మీ స్క్రిప్ట్ దొరకలేదని ఎర్రర్ వస్తే అదృష్టం. లోపల డిలీట్ కమాండ్ ఉందనుకోండి, ఎక్కడ నిలబడి ఏం తీసేస్తోందో ఊహించుకోండి. దానికి తోడు సీడీ కమాండ్‌కి స్లాష్ డి పెట్టకపోతే డ్రైవ్ మారదు. సి డ్రైవ్‌లో ఉండి సీడీ అని డి డ్రైవ్ ఫోల్డర్ పేరు ఇస్తే, ఎర్రర్ కూడా రాకుండా సి లోనే ఉండిపోతుంది. తర్వాతి లైన్‌లో డెల్ స్టార్ డాట్ స్టార్ ఉంటే సి డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్ గల్లంతు. మందు చిన్నదే: ఫైల్ మొదట్లో సీడీ స్లాష్ డి అని రాసి, పక్కన కొటేషన్ మార్కుల్లో పర్సెంట్, టిల్డా, డి, పి, సున్నా వరసగా పెట్టండి. ఈ ఫైల్ ఎక్కడుందో ఆ ఫోల్డర్‌కి వెళ్ళు అని దాని అర్థం.

ఒక బ్యాట్ నుంచి ఇంకో బ్యాట్‌ని పిలిస్తే ముందు కాల్ అని పెట్టాలి, లేకపోతే వెళ్ళినవాడు తిరిగిరాడు. మీ ఫైల్‌కి రోబోకాపీ అనో పింగ్ అనో పేరు మాత్రం పెట్టకండి. సీఎండీ ముందు తను ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కాబట్టి అసలు ప్రోగ్రామ్ బదులు తనని తనే పిలుచుకుంటూ తిరుగుతుంది. నేను పెట్టా, అందుకే చెబుతున్నా.

మనకి ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి తెలుగు. ఫోల్డర్ పేరు పెళ్ళి ఫొటోలు అని తెలుగులో ఉంటే, నోట్‌ప్యాడ్ ఫైల్‌ని యూటీఎఫ్ 8లో సేవ్ చేస్తుంది, సీఎండీ దాన్ని పాత కోడ్ పేజీలో చదువుతుంది. ఇద్దరికీ మాట కుదరక ఆ ఫోల్డర్ లేనే లేదంటుంది. మొదట్లో సీహెచ్‌సీపీ 65001 అని ఒక లైన్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది. పాత నల్ల విండోలో తెలుగు డబ్బాలుగా కనిపించినా కంగారు పడకండి, కాపీ జరుగుతూనే ఉంటుంది. లాగ్ కావాలంటే రోబోకాపీలో మామూలు లాగ్ బదులు యూనిలాగ్ ఇవ్వండి, అప్పుడు తెలుగు పేర్లు చదవగలిగేలా వస్తాయి. ఇన్నేళ్ళయ్యాక కూడా మన భాషలో ఫోల్డర్ పేరు పెట్టుకోవడానికి ఇన్ని మంత్రాలు చదవాలా అంటే, అది నాక్కూడా మండే విషయమే.

చాట్‌బాట్ రాసిచ్చినా సరే

ఇప్పుడు ఎవరూ రాయట్లేదు, చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. నేనూ అడుగుతా. నేను చేసి చూసినప్పుడు బ్యాకప్ స్క్రిప్ట్ అడిగితే ఒకటికి రెండుసార్లు ఎంఐఆర్ పెట్టి ఇచ్చింది, ఒకసారి కింద చిన్న హెచ్చరికతో, ఒకసారి అదీ లేకుండా. కాబట్టి ఎవరు రాసినా చదవడం తప్పదు. అంతా అర్థం కానక్కర్లేదు. డెల్, ఆర్‌డీ, ఫార్మాట్, ఎంఐఆర్, రెగ్ డిలీట్, ఎస్‌సీ కాన్ఫిగ్ లాంటివి కనబడితే ఆ లైన్ దగ్గర ఆగి, అదేం చేస్తుందో అడిగి తెలుసుకోండి. పవర్‌షెల్ పక్కన ఎన్‌కోడెడ్ కమాండ్ అని, దాని తర్వాత అర్థంపర్థం లేని అక్షరాల చాంతాడు ఉంటే చదివే ప్రయత్నం కూడా చేయొద్దు, తీసేయండి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొత్తం చైనీస్ అక్షరాల్లా కనబడే బ్యాట్ ఫైల్ కూడా అంతే. అసలు కమాండ్లు మీ కంటికి కనబడకుండా చేసే పాత ఎత్తుగడ అది. నెట్ నుంచి నేరుగా దించిన ఫైల్‌కి విండోస్ ఒక హెచ్చరిక చూపిస్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఫ్రెండ్ ఇచ్చిన దానికి సాధారణంగా అదీ ఉండదు.

బాబాయ్ వాళ్ళింటికి మొన్న వెళ్ళా. సర్వీసెస్ తెరిచి స్పూలర్‌ని ఆటోమేటిక్‌లో పెట్టా, అప్‌డేట్ సర్వీస్‌ని తిరిగి లేపా, డిఫెండర్ సెట్టింగ్స్ ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చా. ఆ బ్యాట్ ఫైల్‌ని మా తమ్ముడి చేతే లైన్ లైన్ చదివించా. "ఇది ప్రింటర్‌ని ఆపేదా అన్నా? మరి ఇదెందుకు పెట్టారు?" అని వాడే అడిగాడు. ఆ తర్వాత బాబాయ్ మళ్ళీ నొక్కగానే ఆధార్ ప్రింట్ వచ్చింది.